పనిలో గాయపడ్డాక పరిహారం, మళ్లీ పని: చేయవలసినవి - చేయకూడనివి

పనిలో వేలో, కన్నో, కాలో పోగొట్టుకున్న మనిషికి మన ఫ్యాక్టరీల్లో, మిల్లుల్లో, కట్టడాల దగ్గర రెండు మాటలు తరచూ వినిపిస్తుంటాయి. "డబ్బు తీసుకున్నావంటే ఇక పని మానేసినట్టే" అన్నది ఒకటి. "పనిలో పెట్టుకుంటున్నాం కదా, ఇంకా పరిహారమేంటి?" అన్నది రెండోది. రెండూ తప్పే. పరిహారం పోయిన శక్తికి దక్కవలసిన డబ్బు. జీతం మిగిలిన శక్తితో చేసే పనికి దక్కేది. పనిలో పెట్టుకున్నామన్న సాకుతో పరిహారం ఎగ్గొడితే చట్టం ఒప్పుకోదు.

గాయపడినవాళ్లకూ, ఇంట్లోవాళ్లకూ, పక్క మిషను మీద పనిచేసే తోటివాళ్లకూ పనికొచ్చే మాటలివి. నష్టం ఎక్కువగా జరిగేది రెండు చోట్ల: ఆసుపత్రిలో రాసే మొదటి కాగితం దగ్గర, తిరిగి పనిలో చేరిన మొదటి వారాల్లో. అందుకే ఆ రెండింటి గురించే ఎక్కువగా చెబుతాను.

దెబ్బ తగిలిన రోజు

మొదట ప్రాణం, తర్వాతే మిగతావన్నీ. వేలు తెగిపడితే దాన్ని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, నీళ్లు చొరబడని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టండి. ఆ సంచిని ఐసు కలిపిన నీళ్లలో ఉంచి మనిషితో పాటే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తెగిన వేలిని నేరుగా ఐసు ముక్కల మీద పెట్టొద్దు, కండ పాడైపోతుంది. పసుపు, కాఫీ పొడి, గ్రీజు లాంటివి గాయానికి పట్టించొద్దు. రక్తం ఆగేదాకా శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుంటే చాలు.

ఆసుపత్రికి చేరాక అసలు చిక్కు మొదలవుతుంది. దారిలోనే సూపర్‌వైజరు పక్కన కూర్చుని, "తమ్ముడూ, డాక్టరడిగితే ఇంట్లో జారిపడ్డానని చెప్పు. మిషను అన్నావంటే పోలీసు కేసవుతుంది, నీకే తలనొప్పి. ఖర్చంతా సారే చూసుకుంటారు" అంటాడు. నొప్పితో అల్లాడిపోతున్నవాడు సరేనంటాడు. క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరు ఓపీ చీటీ మీద "ఇంటి దగ్గర జారిపడటం వల్ల" అని ఒక్క ముక్క రాసేస్తాడు. ఆ ఒక్క ముక్క ఏడాది తర్వాత, పరిహారం క్లెయిమును విచారించే కార్మిక శాఖ కమిషనర్ ముందు మీకు ఎదురు నిలుస్తుంది. ఖర్చంతా చూసుకుంటానన్న యజమాని తరఫు వకీలే ఆ చీటీని చూపించి, "ప్రమాదం పనిలో జరిగిందే కాదు" అని వాదిస్తాడు. బీమా కంపెనీ ఉంటే దాని పని ఇంకా తేలికైపోతుంది.

కాబట్టి ఎక్కడ, ఏ మిషను మీద, ఎన్ని గంటలకు, ఏం చేస్తుండగా జరిగిందో ఉన్నదున్నట్టు డాక్టరుకు చెప్పండి. గాయపడిన మనిషి మాట్లాడలేని స్థితిలో ఉంటే వెంట వచ్చిన తోటి కార్మికుడు చెప్పాలి. చీటీలో ఏం రాశారో తెలుగులో చదివి వినిపించమని అడగండి. పొరపాటుగా రాసి ఉంటే అప్పుడే దిద్దించుకోవాలి. మెడికో లీగల్ కేసుగా నమోదు చేస్తామంటే వద్దనకండి. యజమాని మీద పగ పట్టామన్న అర్థం అందులో లేదు. ఎప్పుడు, ఎక్కడ దెబ్బ తగిలిందో చెప్పే బలమైన రుజువు అదే.

అబద్ధం ఇప్పటికే చెప్పేసి ఉంటే? మరుసటి రోజైనా సరే, నిజం చెప్పి కేసు షీటులో చేర్చమని డాక్టరును అడగండి. ఒత్తిడి వల్ల అలా చెప్పాల్సి వచ్చిందని యజమానికి రాసే నోటీసులోనూ ప్రస్తావించండి. ఆలస్యమైన నిజానికి బలం కొంత తగ్గినా, రాయకుండా ఉండటం కంటే అదే నయం.

తోటివాళ్లు చేయగలిగింది చాలా ఉంది. మిషను అప్పుడున్న స్థితిని ఫోనులో ఫొటో తీయండి: గార్డు ఉందా, తీసేసి ఉందా, రెండు చేతులతో నొక్కాల్సిన బటన్లలో ఒకదానికి టేపు చుట్టి ఉందా. మర్నాటికల్లా ఆ టేపు మాయమవుతుంది, గార్డు తిరిగి వస్తుంది. షిఫ్టులో ఎవరెవరున్నారో పేర్లు రాసి పెట్టుకోండి.

కాగితాలు

ప్రమాదం గురించి యజమానికి నోటీసు వీలైనంత త్వరగా ఇవ్వాలన్నది చట్టం మాట. తెలుగులో రాసినా చెల్లుతుంది. పేరు, పని, తేదీ, సమయం, చోటు, గాయం ఎలా జరిగింది అన్నవి అరపేజీలో సరిపోతాయి. ఒక ప్రతి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. వాట్సాప్‌లో కూడా పంపండి. క్లెయిము దాఖలు చేయడానికి ప్రమాదం జరిగిన నాటి నుంచి రెండేళ్లు దాటనివ్వొద్దు. తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే వీలుంది గానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

మీరక్కడ పనిచేశారని, జీతం ఇంత అని నిరూపించగలిగిన ప్రతిదీ జాగ్రత్త చేయండి. చాలామందికి అపాయింట్‌మెంట్ లెటరూ ఉండదు, జీతం చీటీ అంతకన్నా ఉండదు. పర్వాలేదు. పీఎఫ్ పాస్‌బుక్కు, ఈఎస్‌ఐ కార్డు మీది ఐపీ నంబరు, బ్యాంకు ఖాతాలో పడిన జీతం, మేస్త్రీ ఫోన్‌పే చేసిన డబ్బు, "రేపు ఓటీ ఉంది, ఆరింటికల్లా రండి" అని సూపర్‌వైజరు పెట్టిన వాట్సాప్ మెసేజి, గేటు పాసు, మస్టరు పేజీ ఫొటో, ఇవన్నీ సాక్ష్యాలే. ఫోను మార్చేముందు ఈ మెసేజీలు ఇంకోచోట దాచుకోండి. ఎక్స్‌రేలు, డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు అసలువి ఎవరికీ ఇవ్వొద్దు, జిరాక్సులే ఇవ్వండి. "ఆఫీసులో ఫైల్ చేస్తాం" అని తీసుకెళ్లిన అసలు బిల్లులు తిరిగి రావు.

తెల్ల కాగితం మీద, ఖాళీ స్టాంపు పేపరు మీద, చదవలేని భాషలో ఉన్న కాగితం మీద సంతకం చేయొద్దు. వేలిముద్ర కూడా సంతకంతో సమానమే.

ఈఎస్‌ఐయా, పరిహార చట్టమా

ఒకే గాయానికి రెండు చోట్లా తీసుకోవడం కుదరదు. ఈఎస్‌ఐ పరిధిలోకి వచ్చేవాళ్లు అక్కడే తీసుకోవాలి. నెల జీతం 21,000 దాటని, పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థల్లోని కార్మికులు మామూలుగా ఈఎస్‌ఐ కిందికి వస్తారు. మిగతావాళ్లకు ఉండేది 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా స్మృతి, 2020 అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదాలకు పాత చట్టమే వర్తిస్తుంది. జీతానికీ వయసుకూ ముడిపెట్టి లెక్కగట్టే పద్ధతి రెండింటిలోనూ అదే. ఇంటి నుంచి డ్యూటీకి వెళ్తూనో తిరిగి వస్తూనో జరిగిన ప్రమాదం కూడా, దానికీ ఉద్యోగానికీ సంబంధం చూపగలిగితే, కొత్త స్మృతి కిందికి వస్తుంది.

ఈఎస్‌ఐలో గాయం మానేదాకా సగటు రోజు జీతంలో 90 శాతం తాత్కాలిక వైకల్య భత్యంగా ఇస్తారు. శాశ్వతంగా నష్టం మిగిలిపోతే మెడికల్ బోర్డు నిర్ణయించిన శాతం మేరకు జీవితాంతం భత్యం వస్తుంది. ఉదాహరణకు రోజుకు 600 జీతం ఉన్నవాడికి పూర్తి రేటు 540. బోర్డు 30 శాతం నష్టమని తేలిస్తే రోజుకు 162 చొప్పున బతికినంతకాలం అందుతుంది. ఇది బాగా గుర్తుంచుకోండి: మళ్లీ పనిలో చేరి పూర్తి జీతం తీసుకుంటున్నా ఈ శాశ్వత భత్యం ఆగదు. తాత్కాలిక భత్యం మాత్రం పనిలో చేరి జీతం తీసుకునే రోజులకు రాదు.

ఇన్ని రోజులు వాటా కట్టి ఉండాలన్న షరతు పని గాయానికి లేదు. చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా హక్కు ఉంటుంది. "నీ పేరు ఇంకా ఎక్కించలేదు" అని యజమాని అంటే అది అతని లోపం. ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకు స్వయంగా వెళ్లి ప్రమాద నివేదిక పంపారో లేదో కనుక్కోండి. మెడికల్ బోర్డు శాతం తక్కువ వేసిందనిపిస్తే మూడు నెలల్లోగా అప్పీలు చేసుకోవచ్చు.

లెక్క ఎలా కడతారు

ఈఎస్‌ఐ లేనివాళ్ల లెక్క ఇది. జీడిమెట్లలో చిన్న షెడ్డులో పవర్ ప్రెస్ మీద పనిచేసే 30 ఏళ్ల మనిషి కుడిచేతి మూడు వేళ్లు పోయాయనుకుందాం. జీతం నెలకు 18,000. లెక్కకు తీసుకునే జీతం 2020 జనవరి 3 నాటి ప్రకటన ప్రకారం గరిష్ఠంగా 15,000. అందులో 60 శాతం 9,000. 30 ఏళ్ల వయసుకు గుణకం 207.98. రెండింటినీ గుణిస్తే 18,71,820 రూపాయలు. ఇది పూర్తి, శాశ్వత వైకల్యానికి వచ్చే మొత్తం. చట్టంలోని పట్టిక ప్రకారం ఒక చేతి మూడు వేళ్లు పోతే 30 శాతం నష్టం, అంటే 5,61,546. "యాభై వేలిస్తాను, ఇంతటితో వదిలెయ్" అన్న మాట వినబడ్డప్పుడు ఈ లెక్క మనసులో ఉండాలి.

వైద్య ఖర్చు దీనికి అదనం. చికిత్సకు యజమాని పెట్టిన డబ్బును పరిహారంలోంచి కోసుకోకూడదని చట్టం స్పష్టంగా చెబుతోంది. "ఆసుపత్రికే రెండు లక్షలు పెట్టాను" అన్న మాటకు బెదరొద్దు.

ప్రమాదం జరిగిన నెల రోజుల్లో ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం చొప్పున సాధారణ వడ్డీ తోడవుతుంది. పై లెక్కలో అది ఏడాదికి 67,000 దాటుతుంది. సరైన కారణం లేకుండా ఆపారని తేలితే పరిహారంలో సగం దాకా జరిమానా వేసే అధికారం కూడా ఉంది.

పట్టికలోని శాతమే చివరి మాట అనుకోవద్దు. ఒక వడ్రంగి పనిలో కిందపడి ఎడమ చెయ్యి మోచేతి పైనుంచి తీసేయాల్సి వచ్చిన కేసులో, ఒంటిచేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి సంపాదనా శక్తి పూర్తిగా పోయినట్టేనని లెక్కగట్టారు. 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్నే నిలబెట్టింది. అదే గాయం ఒక గుమాస్తాకు అంత నష్టం చేయకపోవచ్చు. ఒంట్లో ఎంత పోయిందన్నది డాక్టరు చూస్తాడు. మీరు చేస్తూ వచ్చిన పని ఎంత పోయిందన్నది కమిషనర్ చూడాలి.

అందుకే సదరం సర్టిఫికెట్లోని శాతాన్ని తెచ్చి పరిహారం లెక్కలో పెట్టుకోకండి. సదరం శరీర వైకల్యాన్ని కొలుస్తుంది. 40 శాతం గీత దాటితే వికలాంగుల పింఛను లాంటి పథకాలకు అది పనికొస్తుంది, కాబట్టి తప్పకుండా తీసుకోండి. పరిహారానికి కావలసింది మాత్రం సంపాదనా శక్తి ఎంత తగ్గిందన్న డాక్టరు అంచనా. నడుము విరగడం, భుజం పట్టేయడం లాంటి పట్టికలో లేని గాయాలకు ఇదే ఆధారం. డాక్టరు దగ్గరకెళ్లినప్పుడు "నొప్పిగా ఉందండీ" అని ఊరుకోవద్దు. చేసే పని వివరంగా చెప్పండి: రోజుకు ఎన్ని బస్తాలు ఎత్తేవాళ్లు, ఎంతసేపు గొంతుకూర్చునేవాళ్లు, స్పానరు పట్టి ఎంత బలంగా తిప్పాల్సి వచ్చేది, ఇప్పుడు ఏది ఎక్కడ ఆగిపోతోంది. ఆ మాటలు సర్టిఫికెట్లోకి వస్తేనే శాతానికి అర్థం ఉంటుంది.

బెదిరింపులకు జవాబులు

"తప్పు నీదే, నువ్వు చూసుకోలేదు." పనివాడి ఏమరుపాటు ఒక్కటే పరిహారాన్ని అడ్డుకోలేదు. తాగి ఉండటం, భద్రత కోసం పెట్టిన ఆదేశాన్ని కావాలని ధిక్కరించడం, గార్డును కావాలని తీసేయడం, ఈ మూడే యజమానికి రక్షణ ఇస్తాయి. చావుకు గానీ పూర్తి శాశ్వత వైకల్యానికి గానీ దారితీస్తే అవి కూడా పనిచేయవు. గార్డు తీసేయమని ప్రొడక్షను కోసం సూపర్‌వైజరే చెప్పి ఉంటే, ఆ సంగతి నోటీసులోనే రాయండి.

"నువ్వు మా మనిషివి కాదు, కాంట్రాక్టరు మనిషివి." కాంట్రాక్టరు కింద పనిచేసినా అసలు యజమాని నుంచే పరిహారం అడగొచ్చు. తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవడం ఆ యజమాని చూసుకోవలసిన పని.

"హక్కులన్నీ వదులుకున్నానని రాసిచ్చావుగా." అలాంటి రాత చెల్లదు. రాజీ పడాలనుకుంటే ఆ ఒప్పందాన్ని కమిషనర్ దగ్గర రిజిస్టరు చేయించాలి. మొత్తం మరీ తక్కువగా ఉంటే, మోసమో ఒత్తిడో ఉందనిపిస్తే ఆయన రిజిస్టరు చేయకుండా ఆపగలడు. పెద్దమనుషుల సమక్షంలో రాసుకున్న కాగితం ఆ పని చేయదు. నలుగురిలో మాట తీసెయ్యలేక ఒప్పేసుకునేవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పెద్దమనుషులు రేపు మళ్లీ ఊళ్లో పలకరిస్తారు, పోయిన వేళ్లు తిరిగి రావు.

వలస వెళ్లినవాళ్లకు ఇంకొక మాట. శ్రీకాకుళం నుంచి చెన్నైకో, పాలమూరు నుంచి పుణెకో వెళ్లి అక్కడ గాయపడితే ఆ ఊరికే తిరగనవసరం లేదు. మీరు మామూలుగా ఉండే జిల్లాలోనే క్లెయిము వేయొచ్చు. లారీ డ్రైవర్లు, క్లీనర్లు మోటారు వాహనాల చట్టం కింద అడగాలా, పరిహార చట్టం కింద అడగాలా అన్నది ముందే ఒక వకీలుతో తేల్చుకోండి, రెండూ కుదరవు. గల్ఫ్‌కు వెళ్లినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటే ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల దాకా బీమా ఉంటుంది. అరబిక్‌లో ఉన్న సెటిల్‌మెంట్ కాగితం అర్థం కాకుండా సంతకం చేయొద్దు, అక్కడి వైద్య నివేదికలు వెంట తెచ్చుకోకుండా విమానం ఎక్కొద్దు.

వకీలు ఖర్చుకు భయపడి ఆగిపోవద్దు. పారిశ్రామిక కార్మికులకు, వికలాంగులకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోను చేస్తే చాలు. వచ్చే డబ్బులో మూడో వంతు ఇమ్మని ఆసుపత్రి గుమ్మంలోనే తగులుకునే దళారీలను దగ్గరికి రానివ్వకండి.

తిరిగి పనిలో చేరే ముందు

ఇల్లు గడవాలి, అప్పులవాళ్లు వస్తున్నారు. కట్టు విప్పిన వారానికే పరుగెత్తాలనిపిస్తుంది. అర్థం చేసుకోగలను. కానీ శాశ్వత గాయంతో తొందరపడి చేరినవాళ్లకు రెండో ప్రమాదం ముప్పు ఎక్కువ. మొదటి గాయంతో చెయ్యి ఒక్కటే మారలేదు, ఆ చెయ్యి ఎక్కడుందో మెదడు వేసుకునే అంచనా కూడా మారింది. పాత అలవాటు మాత్రం అలాగే ఉంటుంది.

ఫిజియోథెరపీ మధ్యలో మానొద్దు. వేళ్లు పూర్తిగా మడవలేకపోతే పని ముట్టు జారుతుంది. డాక్టరిచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్లో "ఫిట్" అన్న ఒక్క మాటతో తృప్తి పడొద్దు. ఎంత బరువు దాకా ఎత్తొచ్చు, నిచ్చెన ఎక్కొచ్చా, రాత్రి షిఫ్టు చేయొచ్చా, ఎన్ని గంటలకొకసారి విశ్రాంతి కావాలి అన్నవి రాయించుకోండి. తేలిక పని కావాలని నోటితో కాకుండా కాగితం మీద అడగండి, ఆ సర్టిఫికెట్‌ను జతచేయండి. పరిమితులు దాచిపెట్టి "అన్నీ చేయగలను" అని చేరొద్దు. మొదట మంచివాడనిపించుకున్నా, చెయ్యి జారిన రోజున ఆ దాపరికమే మీ మీదికి వస్తుంది.

ప్రభుత్వ సంస్థల్లో, ఆర్టీసీ లాంటి కార్పొరేషన్లలో పనిచేసేవాళ్లకు రక్షణ గట్టిగా ఉంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పని ఇవ్వాలి. తగిన ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించైనా ఉంచాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం చెప్పేది ఇదే. రంగులు గుర్తుపట్టలేడని ఒక ఆర్టీసీ డ్రైవరును ఇంటికి పంపిన కేసులో, ప్రత్యామ్నాయ పని చూపించాల్సిందేనని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కాబట్టి "స్వచ్ఛందంగా రిటైరవుతున్నాను" అన్న కాగితం చేతికిస్తే ఆ చట్టం చదివించుకోకుండా సంతకం చేయొద్దు. ప్రైవేటు షెడ్డుల్లో ఇంత గట్టి కంచె లేదు. అక్కడ యూనియను, రాతపూర్వక అభ్యర్థన, కార్మిక శాఖ, ఇవే ఆసరా. రాజీనామా రాసివ్వడం మాత్రం చేయొద్దు. తీసేస్తే తీసేశామని వాళ్లే రాసివ్వాలి.

మిషను దగ్గర మొదటి వారాలు

పవర్ ప్రెస్ సంగతే తీసుకుందాం. డై మీద రేకు పెట్టడం, చెయ్యి తీయడం, పెడల్ తొక్కడం, ఇదంతా ఏళ్ల తరబడి ఒక తాళంలో సాగిన పని. మూడు వేళ్లు లేని చేత్తో రేకు పట్టు కుదరదు. పట్టు కోసం చెయ్యి డైలోపల ఒక క్షణం ఎక్కువ ఉంటుంది. కాలు మాత్రం పాత తాళానికే పెడల్ తొక్కేస్తుంది. రెండో చెయ్యి పోయేది అక్కడే. అందుకే కాలి పెడల్ ప్రెస్సు మీద మళ్లీ కూర్చోవద్దు. రెండు చేతులూ బటన్ల మీద ఉంటేనే దిగే ప్రెస్సో, చెయ్యి అడ్డొస్తే ఆగే లైట్ గార్డు ఉన్నదో అయితేనే ఒప్పుకోండి. రేకు పెట్టడానికి చేతికి బదులు పట్టకారు అడగండి. పీస్ రేటు మీద చేయొద్దు, కనీసం మొదటి నెలల్లో రోజు జీతానికి మాట్లాడుకోండి. తొందరే ప్రమాదానికి మూలం.

స్పర్శ పోయిన వేళ్లకు వేడి తెలియదు. వెల్డింగు చేసిన ముక్కను, బాయిలరు పైపును ఆ చేత్తో తాకి చూడొద్దు. కాలిన సంగతి వాసన వచ్చాక తెలుస్తుంది. రోజూ పని దిగాక ఆ చేతిని వెలుతురులో తిప్పి చూసుకోండి. చిన్న గీత కూడా తెలియకుండా పుండవుతుంది, షుగరు ఉన్నవాళ్లకు మరీను. తిరిగే మిషన్ల దగ్గర, డ్రిల్లు దగ్గర గ్లవ్సు వేసుకోవద్దు. మొండి వేళ్లకు తొడిగిన గ్లవ్సు చివర ఖాళీగా వేలాడుతూ చుట్టుకుపోతుంది.

ఒక కన్ను పోయినవాళ్లకు దూరం అంచనా తప్పుతుంది. మొదట్లో గ్లాసులోకి నీళ్లు పోసినా పక్కన పడతాయి. మెదడు అలవాటు పడటానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా పరంజా ఎక్కడం, ఫోర్క్‌లిఫ్టు నడపడం, కత్తెర మిషను మీద కూర్చోవడం వద్దు. మిగిలిన కన్ను ఒక్కటే ఆస్తి కాబట్టి పనిలో ఉన్నంతసేపూ రక్షణ కళ్లజోడు తీయకూడదు. పోయిన కంటి వైపు నుంచి వచ్చేటప్పుడు ముందు పిలిచి రమ్మని తోటివాళ్లకు చెప్పండి.

కృత్రిమ కాలుతో తడి నేల, రంపపు పొట్టు, నూనె చిమ్మిన చోటు ప్రమాదకరం. మొండి కాలు చివర ఒరుసుకుని ఎర్రబడితే ఆ రోజుకు కృత్రిమ కాలు తీసి పెట్టండి. పట్టుదలకు పోయి తొడుక్కుని నిలబడితే పుండు పడి నెల రోజులు మంచం మీదే. విద్యుత్తు పనివాళ్లు లోహంతో చేసిన కృత్రిమ చేతితో తీగల దగ్గరికి వెళ్లొద్దు. నొప్పికీ నరాలకూ వాడే మందుల్లో కొన్ని మత్తుగా ఉంచుతాయి. ఏ మందు వేసుకుని మిషను దగ్గరికి వెళ్లకూడదో డాక్టరును పేరు పెట్టి అడగండి.

మనసు సంగతి కూడా

లేని వేలు నొప్పి పెడుతోందంటే ఇంట్లోవాళ్లు నవ్వకండి, దయ్యమనుకోకండి. తెగిన నరం నుంచి మెదడు అందుకునే నిజమైన నొప్పే అది, దానికి మందులున్నాయి. ఆ మిషను చప్పుడు వింటే చెమటలు పట్టడం, రాత్రిళ్లు ఉలిక్కిపడటం, మందు ఎక్కువ తాగడం మొదలైతే ఊరుకోవద్దు. మానసిక సాయం అందించే టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం. "మగాడివి కదా, గుండె చిక్కబట్టుకో" అన్న మాట ఈ దశలో సాయం చేయదు. చేతనైతే మొదటిసారి డ్యూటీకి వెళ్లేటప్పుడు ఒక స్నేహితుణ్ని వెంట తీసుకెళ్లండి.

చేతికొచ్చిన పరిహారాన్ని ఒక్కసారిగా అప్పులకూ, పెళ్లికీ పోసేయొద్దు. 30 ఏళ్ల మనిషికి ఇంకా 30 ఏళ్ల సంపాదన తగ్గుతుంది, ఆ డబ్బు ఆ లోటు కోసం. కొంత పోస్టాఫీసులోనో బ్యాంకులోనో ఇంట్లో ఆవిడ పేరు కూడా చేర్చి వేయండి. కొంత కొత్త పని నేర్చుకోవడానికి పెట్టుకోండి. పని గాయంతో 40 శాతం పైగా వైకల్యం వచ్చి, వయసు 45 లోపు ఉన్నవాళ్లకు ఈఎస్‌ఐ ద్వారా వృత్తి శిక్షణ కూడా ఉంది. బ్రాంచి ఆఫీసులో అడగందే ఎవరూ చెప్పరు.

చివరగా ఆ మిషను గురించి. మీరు ప్యాకింగుకో స్టోర్సుకో మారిపోయినా ఆ ప్రెస్సు ఆగదు, రేపు దాని మీద ఇంకో కుర్రాడు కూర్చుంటాడు. గార్డు బిగించారా, పెడల్ తీసి రెండు బటన్లు పెట్టారా అని వెళ్లి చూడండి. లేకపోతే ఫ్యాక్టరీల శాఖ ఇన్‌స్పెక్టరుకు యూనియను తరఫున గానీ, పేరు బయటపెట్టొద్దని కోరుతూ మీ తరఫున గానీ ఫొటోతో సహా ఫిర్యాదు రాయండి. కొత్తగా వచ్చిన కుర్రాడికి ఆ ప్రెస్సు సంగతి ముందు రోజే చెప్పండి.